ఆటలమ్మ, అక్కి: ఒకే వైరస్ కథ

బాల్యంలో ఆటలమ్మ సోకి, వేపాకు నీళ్ళ స్నానంతో ‘తల్లి దిగిపోయింది’ అని పెద్దలు ఊరట చెందిన సందర్భాలు మీలో అనేకులకు గుర్తుండే ఉంటాయి. నిజానికి ఆ వైరస్ దేహాన్ని విడిచిపోదు. నాడుల మొదళ్ళలో దశాబ్దాల పాటు నిద్రాణంగా ఉండి, వార్ధక్యంలోనో, రోగనిరోధక శక్తి సన్నగిల్లినప్పుడో అక్కి రూపంలో బయటపడుతుంది. ఈ సత్యం వైద్యలోకానికి అవగతం కావడానికి చాలా కాలమే పట్టింది.

19వ శతాబ్ది చివర బుడాపెస్ట్ నగరంలో పిల్లల వైద్యుడు బోకాయ్, ఇంట్లో పెద్దలకు అక్కి వచ్చిన తరువాత పిల్లలకు ఆటలమ్మ సోకడాన్ని గమనించారు. 1925లో కుండ్రాటిట్జ్ అక్కి పొక్కుల ద్రవాన్ని పిల్లలకు ఎక్కించగా ఆటలమ్మ వచ్చింది. నేటి వైద్యనీతి అంగీకరించని ప్రయోగమది. 1950 దశకంలో అమెరికాలో థామస్ వెల్లర్ రెండు వ్యాధులకూ మూలం ఒకే వైరస్ అని ప్రయోగశాలలో నిరూపించారు. అది నాడులలో నిద్రించి మేల్కొంటుందన్న సిద్ధాంతాన్ని 1965లో సమగ్రంగా ప్రతిపాదించినవారు హోప్ సింప్సన్. ఆయన ఇంగ్లండులోని సైరెన్‌సెస్టర్ అనే చిన్న పట్టణంలో సాధారణ వైద్యుడు.

అక్కి అందరిలోనూ చర్మంతో ఆగదు. ముక్కు కొన మీద పొక్కులు లేస్తే కంటికి ముప్పు పొంచి ఉన్నదని 19వ శతాబ్దిలోనే హచిన్‌సన్ హెచ్చరించారు. చెవిలో పొక్కులతో పాటు ముఖం ఒకవైపు చచ్చుబడే స్థితిని 1907లో రామ్సే హంట్ వివరించారు. అరుదుగా మెదడు రక్తనాళాలు వాచి పక్షవాతం రావచ్చు.

మన పల్లెలలో అక్కి మీద ఎర్రమట్టి పూయించే ఆచారం ఉంది. సాధారణంగా పొక్కులు రెండు నుంచి నాలుగు వారాలలో వాటంతట అవే మానుతాయి గనుక ఆ ఘనత మట్టికి దక్కుతున్నది. అయితే నుదురు, కన్ను, ముక్కు, చెవి పరిసరాలలో అక్కి లేచినప్పుడు ఆ నిరీక్షణ చూపునే బలిగొనవచ్చు. 1988లో నోబెల్ బహుమతి పొందిన గెర్ట్రూడ్ ఎలియన్ బృందం రూపొందించిన ఎసైక్లోవిర్ వంటి మందులు పొక్కులు కనిపించిన 72 గంటలలోపు మొదలుపెడితే ఎక్కువ మేలు చేస్తాయి. యాభై ఏళ్ళు దాటినవారికి నేడు టీకా కూడా లభిస్తున్నది.

కాబట్టి దేహానికి ఒకే పక్కన మంటతో కూడిన నొప్పి, వెంట పొక్కుల వరుస కనిపిస్తే ఆనాడే వైద్యుని సంప్రదించండి. మట్టి పూతకు ఇచ్చే మూడు రోజులే మందుకు అత్యంత విలువైన మూడు రోజులు.