ఆయుర్వేదంలో రోగి పరీక్ష: చరిత్ర

ఆయుర్వేదంలో మందు ఇచ్చే ముందు జబ్బునూ, జబ్బుపడిన మనిషినీ వేర్వేరుగా అంచనా కట్టే పద్ధతులను కలిపి రోగి పరీక్ష అంటారు. ఒకే రోగానికి ఇద్దరికి రెండు రకాల మందు, రెండు రకాల పథ్యం చెప్పడానికి ఆధారం ఇదే. మణికట్టు పట్టుకుని నాడి చూడటమే ఆయుర్వేద పరీక్ష అని చాలామంది అనుకుంటారు. అయితే చరక, సుశ్రుత సంహితల్లో నాడీ పరీక్ష ప్రస్తావనే లేదు. అది మధ్యయుగంలో వచ్చి చేరింది. మొత్తం రోగి పరీక్షా విధానం సుమారు రెండు వేల ఏళ్లలో పొరలు పొరలుగా ఏర్పడింది.

సంహితల కాలం

చరక సంహితకు మూలం అగ్నివేశుడి గ్రంథమని సంప్రదాయం చెబుతుంది. దాన్ని చరకుడు సంస్కరించాడు, లుప్తమైన భాగాలను దృఢబలుడు పూరించాడు. రోగాన్ని తెలుసుకోవడానికి ఇందులోని విమానస్థానం అనే భాగం మూడు దారులు చూపింది: ఆప్తోపదేశం (తెలిసినవారి మాట), ప్రత్యక్షం, అనుమానం (ఊహించి తేల్చుకోవడం). వైద్యుడు కంటితో, చెవితో, ముక్కుతో, స్పర్శతో పరీక్షించాలి. రుచిని మాత్రం నాలుకతో చూడకూడదు, ఊహించాలి. ఒంటిని పేలు వదిలిపోతే దేహరసం చెడిందనీ, ఈగలు ముసిరితే తీపెక్కిందనీ గ్రహించాలి. కారుతున్నది శుద్ధ రక్తమో, రక్తపిత్త రోగం వల్ల చెడిన రక్తమో అనుమానం వస్తే కుక్కకో కాకికో పెట్టి చూడమంది. అవి తింటే శుద్ధ రక్తం. జఠరాగ్నిని అరిగించుకునే శక్తిని బట్టి, బలాన్ని వ్యాయామం చేయగల శక్తిని బట్టి అంచనా కట్టాలి. కోష్ఠం (పేగుల తత్వం) మెత్తనిదా గట్టిదా, ఎలాంటి కలలు వస్తున్నాయి, ఏది ఇష్టం, ఏది అయిష్టం అన్నవి రోగినే అడిగి తెలుసుకోవాలి.

అదే స్థానంలో దశవిధ పరీక్ష ఉంది. ప్రకృతి (పుట్టుకతో వచ్చే దేహతత్వం), వికృతి (రోగం వల్ల వచ్చే మార్పు), సారం (ధాతువుల పుష్టి), సంహననం (ఒంటి కట్టు), ప్రమాణం (కొలతలు), సాత్మ్యం (ఒంటికి పడేది), సత్త్వం (మనోబలం), ఆహారశక్తి, వ్యాయామశక్తి, వయస్సు అన్నవి ఆ పది. బలహీనుడికి తీవ్రమైన మందు ఇస్తే ప్రాణం మీదికి వస్తుంది, ముదిరిన రోగానికి తేలిక మందు పనిచేయదు. అందుకే రోగి బలాన్నీ, రోగం బలాన్నీ ముందు తేల్చుకోవాలన్నది దీని ఉద్దేశం.

శస్త్రచికిత్సకు ప్రాధాన్యమిచ్చిన సుశ్రుత సంహిత ఐదు ఇంద్రియాలతో పాటు ప్రశ్నను కలిపి ఆరు రకాల పరీక్ష చెప్పింది. దోషం (వాత, పిత్త, కఫాల్లో ఏదైనా) పోగుపడటం మొదలు రోగం బయటపడి ముదిరేదాకా ఆరు దశలను కూడా గుర్తించింది. వీటిని క్రియాకాలాలు అంటారు. ఎంత ముందు దశలో పట్టుకుంటే చికిత్స అంత సులువు.

ప్రకృతి విషయంలో ఈ గ్రంథాల మధ్య తేడా ఉంది. సుశ్రుత సంహిత ఏడు ప్రకృతులను చెప్పింది. చరక సంహితలో ఒక చోట, ఏ ఒక్క దోషమో ఎక్కువగా ఉన్నవారిది నిజమైన ప్రకృతి కాదనీ, వారు ఎప్పుడూ రోగానికి దగ్గరగానే ఉంటారనీ వాదన కనిపిస్తుంది.

మనిషిని బట్టి చికిత్స

మనిషిని బట్టి చికిత్స మార్చడానికి ప్రమేహం (మధుమేహం వంటి మూత్ర సంబంధ రోగాలు) స్పష్టమైన ఉదాహరణ. ఈ రోగం ఉన్నవారిని చరక సంహిత స్థూలులు, కృశులు అని రెండుగా విడదీసింది. బలమున్న స్థూలుడికి శోధనం (వాంతి, విరేచనాల వంటి శుద్ధి) చేయించమంది, చిక్కిపోయినవాడికి పుష్టినిచ్చే బృంహణ చికిత్స చెప్పింది. శోధనానికి ముందు నెయ్యి, నూనె తాగించే స్నేహపానంలోనూ ఇదే పద్ధతి. మృదుకోష్ఠుడికి (మెత్తని కోష్ఠం ఉన్నవాడికి) మూడు రాత్రులు చాలు, క్రూరకోష్ఠుడికి (గట్టి కోష్ఠం ఉన్నవాడికి) ఏడు కావాలి. మృదుకోష్ఠుడికి పాలు, చెరకు రసం, ద్రాక్ష వంటివే విరేచనకారులు అవుతాయి. ఒకే మందును తేనెతో, నేతితో, అల్లం రసంతో మార్చి ఇచ్చే అనుపాన విధానం కూడా ఈ ఆలోచన నుంచి పుట్టినదే.

నిదాన గ్రంథాలు

సుమారు 7వ శతాబ్దానికి చెందిన వాగ్భటుడు పాత సంహితల సారాన్ని సంగ్రహించి, రోగి పరీక్షను చూడటం, తాకడం, అడగటం అనే మూడింటికి కుదించాడు. ఆ తర్వాత మాధవకరుడు రోగ నిర్ణయానికే ప్రత్యేకంగా గ్రంథం రాశాడు. మాధవనిదానంగా ప్రసిద్ధమైన అందులో చికిత్స లేదు. ప్రతి రోగాన్నీ కారణం, ముందస్తు సూచనలు, లక్షణాలు, ఉపశయం (ఏది పడుతుంది, ఏది పడదు), సంప్రాప్తి (రోగం ఏర్పడే తీరు) అనే నిదాన పంచకంతో గుర్తించే పద్ధతి దీనితో బాగా స్థిరపడింది.

నాడీ పరీక్ష

నాడిని వివరించిన తొలి ప్రసిద్ధ ఆయుర్వేద గ్రంథం 13–14 శతాబ్దాల నాటి శార్ఙ్గధర సంహిత. బొటనవేలి మొదట్లో ఉండే నాడి వాతంలో పాము, జలగల్లా, పిత్తంలో కాకి, కప్పల్లా, కఫంలో హంస, పావురాల్లా నడుస్తుందని అది వర్ణించింది. నాడీ పరీక్ష ఆయుర్వేదంలోకి ఎక్కడి నుంచి వచ్చిందన్న విషయంలో చరిత్రకారులకు ఏకాభిప్రాయం లేదు. యునానీ, సిద్ధ వైద్యాల్లోనూ నాడికి పెద్ద స్థానముంది. 17వ శతాబ్దానిదిగా భావించే యోగరత్నాకరం నాడి, మూత్రం, మలం, నాలుక, శబ్దం, స్పర్శ, కన్ను, ఆకృతి అనే అష్టస్థాన పరీక్షను చెప్పింది. మూత్రంలో నూనె చుక్క వేసి, అది వ్యాపించే తీరును బట్టి రోగం నయమయ్యేదో కానిదో చెప్పే తైలబిందు పరీక్ష కూడా ఈ కాలపు గ్రంథాల్లోనిదే.

తెలుగునాట వైద్యులు ఎక్కువగా ఆధారపడిన గ్రంథాల్లో బసవరాజీయం ఒకటి. సంస్కృత శ్లోకాలకు తోడు తెలుగు కూడా ఉన్న ఈ గ్రంథం మొదట్లోనే నాడీ లక్షణాలను చెప్పి, తర్వాత రోగాల్లోకి వెళ్తుంది. వల్లభాచార్యుడి వైద్యచింతామణి కూడా ఇక్కడ బాగా వాడుకలో ఉంది.

ఆధునిక కాలం

దేశీయ వైద్యాలపై మద్రాసు ప్రభుత్వం 1921లో ఉస్మాన్ కమిటీని నియమించింది. 1925లో ప్రారంభమైన మద్రాసు దేశీయ వైద్య పాఠశాలలో ఆయుర్వేదం, సిద్ధ, యునానీలతో పాటు పాశ్చాత్య వైద్య విషయాలూ బోధించారు. 1970లో భారతీయ వైద్య కేంద్ర మండలి చట్టం రావడంతో దేశమంతా ఒకే రకం పాఠ్యప్రణాళికకు దారి ఏర్పడింది. నేటి ఆయుర్వేద విద్యార్థులు నిదాన పంచకంతో పాటు రక్త, మూత్ర పరీక్షలనూ చదువుతారు.

2008 నుంచి ఢిల్లీలోని జన్యుశాస్త్ర పరిశోధనా సంస్థ ఐజీఐబీ శాస్త్రవేత్తలు ప్రకృతి భేదాలకూ జన్యువులకూ ఉన్న సంబంధంపై పత్రాలు ప్రచురించారు. 2024 జనవరిలో ప్రపంచ ఆరోగ్య సంస్థ ఆయుర్వేద, సిద్ధ, యునానీ రోగాల పేర్లను తన అంతర్జాతీయ రోగ వర్గీకరణలో ప్రత్యేక విభాగంగా విడుదల చేసింది. ఇది లెక్కల సేకరణకు ఉద్దేశించినది, చికిత్స పనితీరుకు ధ్రువీకరణ కాదు. త్రిదోషాలను కొలిచే, అందరూ అంగీకరించిన భౌతిక ప్రమాణం ఇంతవరకు లేదు. ఒకే రోగిని చూసిన వేర్వేరు వైద్యుల నాడీ, ప్రకృతి నిర్ణయాలు ఎంతవరకు కలుస్తాయన్నది పరిశోధకులు పరీక్షిస్తున్న ప్రధాన ప్రశ్నల్లో ఒకటి.