నిప్పు ఒడ్డున, దేవుడు నీళ్ళలో

మా బాపు తెప్ప కట్టేవాడు. వరంగల్ చుట్టుపక్కల ఊళ్ళలో దేవుణ్ణి చెరువులో ఊరేగించాలనుకుంటే, వెదురు ఎంత, మోకులు ఎన్ని, ఖాళీ డ్రమ్ములు ఎన్ని కావాలో కనుక్కోవడానికి మా ఇంటికి వచ్చేవాళ్ళు. మేం గంగపుత్రులం. చేపలు మాకు బతుకుతెరువు, తెప్ప మాకు మొక్కు. తెప్ప కట్టినందుకు బాపు కూలి అడిగిన గుర్తు నాకు లేదు. ఒక కొబ్బరికాయ, కొత్త తువ్వాల, ఇంత ప్రసాదం. అంతే.

నేను చదువుకుని బడిపంతులునయ్యాను. ముప్పై ఏళ్ళకు పైగా పిల్లలకు చరిత్ర చెప్పాను. గణపతిదేవుడి కాలంలో ఎన్ని చెరువులు తవ్వారో, పాఖాల చెరువును జగదాళ ముమ్మడి ఎలా కట్టించాడో, బయ్యారం చెరువు శాసనంలో మైలాంబ ఏం రాయించిందో పాఠంగా చెప్పాను. ఆ చెరువుల మీద తెప్ప నడిపినవాళ్ళ తెలివి గురించి మాత్రం ఒక్క పాఠమూ చెప్పలేదు. పుస్తకంలో లేదు కాబట్టి చెప్పలేదు. ఆ తప్పు ఇప్పుడు దిద్దుకుంటున్నాను.

వరంగల్ వాళ్ళకు తెప్పోత్సవం అంటే భద్రకాళి చెరువే. కాకతీయుల నాటి చెరువు, గట్టు మీద అమ్మవారు. 1950లో గుడిని జీర్ణోద్ధరణ చేశాక శరన్నవరాత్రులు ఊరంతటి పండుగ అయ్యాయి. విజయదశమి సాయంత్రం అమ్మవారు హంస వాహనం మీద చెరువులో విహరిస్తుంది. అటు ఉర్సు గుట్ట దగ్గర రంగలీల మైదానంలో రావణుడు కాలతాడు, ఇటు చెరువు మీద తెప్ప తిరుగుతుంది. చిన్నప్పుడు రెండూ చూడాలని మా ఆరాటం. తెప్ప దగ్గర కాసేపు, తర్వాత కట్ట దిగి ఒకటే ఉరుకుడు.

తెప్పోత్సవం మన ఒక్క ఊరిది కాదు. తిరుమలలో ఫాల్గుణ పౌర్ణమికి ముగిసేలా ఐదు రోజులు స్వామి పుష్కరిణిలో జరుగుతుంది. భద్రాచలంలో ముక్కోటి ముందు రోజు సాయంత్రం రాముడు గోదావరిలో హంస వాహనం ఎక్కుతాడు. బెజవాడలో దసరా నాడు దుర్గమ్మ కృష్ణలో విహరిస్తుంది. కోనేరు నీళ్ళు కదలవు, నాలుగు దిక్కులా మెట్లు ఉంటాయి. నది అట్లా కాదు. చెరువు ఈ రెంటి మధ్యది. పైకి నిమ్మళంగా కనపడుతుంది కానీ తూము దగ్గర లాగుతుంది, మత్తడి దగ్గర తోస్తుంది, శిఖం వైపు బురద పట్టుకుంటుంది. బాపు తెప్ప కట్టే ముందు రోజు పుట్టిలో చెరువంతా తిరిగి, గడ దించి లోతు చూసి వచ్చేవాడు. ఎక్కడెక్కడ చెట్టు మోడు ఉందో గుర్తుపెట్టుకునేవాడు.

తెప్ప మీద ఎంతమంది ఎక్కాలన్నది బాపు మాటే. డ్రమ్ముల లెక్కను బట్టి చెప్పేవాడు. పూజారి, ఆయన చేతికింద ఒకరు, గడలు వేసేవాళ్ళు నలుగురు, వాయించేవాళ్ళు ఇద్దరు. ఊరి పెద్ద ఎక్కుతానంటే ఒక వాయిద్యం దిగాల్సిందే. తెప్పకు రెండు వైపులా మోకులు కట్టి, కొసలు కట్ట మీద మనుషుల చేతికి ఇచ్చేవాడు. ఇరుపక్కలా రెండు ఖాళీ పుట్టిలు తోడు నడవాలి. వాటిలో ఈత వచ్చిన పిల్లలు తప్ప ఇంకెవరూ ఉండకూడదు. ఇక బాణసంచా అంతా ఒడ్డు మీదే, గాలి తెప్ప నుంచి ఒడ్డుకు వీచే దిక్కున. "నిప్పు ఒడ్డున ఉండాలె, దేవుడు నీళ్ళల్ల ఉండాలె, రెండూ ఒక్కకాడ ఉండొద్దు" అనేవాడు.

ఇంకొక మాట కూడా అనేవాడు. అది నాకు చాలా ఏళ్ళకు గానీ అర్థం కాలేదు. "జనం కండ్లు ఎటుంటె బరువు అటుంటది, బిడ్డా." జువ్వ పైకి లేచి పూలు రాల్చినప్పుడు తెప్ప మీదివాళ్ళు కూడా చూస్తారు. చూడటానికి తెలియకుండానే ఒక అడుగు అటు వేస్తారు. పది మంది పది అడుగులు ఒకే పక్కకు వేస్తే తెప్ప ఒరుగుతుంది. అందుకే జువ్వలు తెప్పకు ఎదురుగా కాల్చమనేవాడు, పక్క నుంచి కాల్చనిచ్చేవాడు కాదు.

1975 కార్తీక పౌర్ణమి నాడు మా మేనమామ వాళ్ళ ఊళ్ళో బాపు మాట చెల్లలేదు. ఊరి పేరు రాయను. నాకప్పుడు పద్నాలుగేళ్ళు. ఊళ్ళో పలుకుబడి ఉన్న ఒకాయన ఆ ఏడు పట్నం నుంచి తారాజువ్వలు ఒక చెక్కపెట్టె నిండా తెప్పించాడు. తెప్ప మీది నుంచే వదలాలని పట్టుబట్టాడు. నీళ్ళలో నీడ పడుతుంది, ఒకటి రెండుగా కనపడుతుంది, అందం రెట్టింపు అవుతుంది అని ఆయన వాదన. బాపు వద్దన్నాడు. వినలేదు. అలిగి ఇంటికి వచ్చేద్దామన్నా దేవుడి పని అయిపోయె. తెప్ప కదిలేటప్పటికి దాని మీద పదకొండు మంది, ఒక పెట్టె.

నేను తోడు పుట్టిలో ఉన్నాను, తెప్పకు పది గజాల దూరంలో. రెండు జువ్వలు బాగానే లేచాయి. మూడోది గొట్టంలో నుంచి సగం లేచి, తాటాకు పందిరి వాసానికి తగిలి వెనక్కి తిరిగింది. సీదా పెట్టెలో పడింది. చప్పుడు కంటే ముందు తెల్లటి వెలుగు వచ్చింది. ఆ వెలుగులో మా బాపు ముఖం ఎంత స్పష్టంగా కనపడిందంటే, ఇప్పుడు గోడ మీద ఉన్న ఫోటోలో కూడా అంత స్పష్టంగా లేదు. అందరూ మంటకు ఎడంగా ఇవతలి అంచుకు ఉరికారు. ఇవతలి డ్రమ్ములు మునిగాయి, అవతలివి గాల్లోకి లేచాయి. బాపు గోనెసంచి చుట్టుకున్న చేత్తో పెట్టెను నీళ్ళలోకి నూకి, కొడవలితో పందిరి కట్లు కోశాడు. కట్ట మీదివాళ్ళు మోకు లాగారు. పూజారి ఉత్సవ విగ్రహాన్ని ఒళ్ళో పెట్టుకుని దూకాడు. నలుగురు ఒక్కసారే వచ్చి నా పుట్టి అంచు పట్టుకుంటే అది గిర్రున తిరిగింది. నేను ఏడుస్తూనే తెడ్డు చాపాను.

అందరూ బతికారు. ఒకాయనకు కాళ్ళు కాలాయి. బాపుకు కుడిచేయి మోచేతి దాకా కాలి, ఆ తర్వాత వేళ్ళు పూర్తిగా ముడుచుకునేవి కావు. వల అల్లడం మా అమ్మ నేర్చుకుంది.

ఆ రాత్రి నేను మరిచిపోలేనిది ఇంకొకటి ఉంది. నీళ్ళలోకి నూకిన పెట్టెలో నుంచి ఒక జువ్వ నీటి కింద మండింది. బుడగలు, పొగ, లోపల ఎర్రటి వెలుగు. నీళ్ళలో నిప్పు ఎట్లా మండుతుందని బాపును అడిగితే చెప్పలేకపోయాడు. కాలేజీలో తెలిసింది. మందుగుండులో సురేకారం, గంధకం, బొగ్గు ఉంటాయి. కట్టె మండాలంటే గాలి కావాలి. మందుగుండుకు అక్కర్లేదు, సురేకారం తన ప్రాణవాయువును తనలోనే మోసుకొస్తుంది. అందుకే తడిగోనె కప్పితే పొయ్యి ఆరుతుంది గానీ అంటుకున్న మందు ఆరదు. చుట్టూ ఇంత నీళ్ళున్నాయి, పడవ మీద నిప్పుకు భయమేంటి అనుకునేవాళ్ళకు ఈ ఒక్క సంగతి చెప్పాలి. ఒడ్డు మీద మంట వస్తే ఉరకడానికి నేల ఉంటుంది. పడవ మీద ఉండదు.

మన పండుగల్లోకి ఈ మందు మరీ పాతకాలంలో వచ్చింది కాదు. కాకతీయ రాజ్యం 1323లో పడిపోయాక నూట ఇరవై ఏళ్ళకు, 1443లో విజయనగరం వచ్చిన పారశీక రాయబారి అబ్దుర్ రజాక్ మహానవమి వేడుకల్లో బాణసంచా చూశానని రాశాడు. 1520 ప్రాంతంలో వచ్చిన పోర్చుగీసు యాత్రికుడు డొమింగో పేస్ కూడా రాశాడు. ఒడిశా గజపతి ప్రతాపరుద్రదేవుడి పేరు మీద ఉన్న 'కౌతుకచింతామణి'లో బాణసంచా తయారీ పాళ్ళు ఉన్నాయి. సురేకారం ఎంత, గంధకం ఎంత, బొగ్గు ఎంత అని. మతాబు అన్న మాట ఫారసీ మహతాబ్ నుంచి వచ్చింది, వెన్నెల అని అర్థం. పిల్లల చేతిలోని ఆ కాగితం గొట్టానికి ఎంత అందమైన పేరు! తెప్ప పాత ఆచారం, బాణసంచా తర్వాత వచ్చి చేరింది. ఈ రెంటి మధ్య ఎడం ఎంత ఉండాలో ఏ ఆగమమూ రాయలేదు. మా బాపులాంటివాళ్ళు చేతులు కాల్చుకుని నేర్చుకున్నారు.

2025 జనవరి 26 రాత్రి హైదరాబాద్ హుస్సేన్‌సాగర్‌లో జరిగింది టీవీలో చూస్తూ నేను లేచి నిలబడిపోయాను. పీపుల్స్ ప్లాజా దగ్గర ఒక కార్యక్రమం చివరన బాణసంచా కాల్చడానికి పడవలను సాగర్‌లోకి తీసుకెళ్ళారు. మందుగుండూ పడవ మీదే, కాల్చే మనుషులూ పడవ మీదే. నిప్పు మందుగుండుకు అంటుకుంది. రెండు పడవలు కాలిపోయాయి. తీవ్రంగా కాలిన ఒకరు ఆస్పత్రిలో చనిపోయారు. నీళ్ళలో గల్లంతైన యువకుడి శవం రెండు రోజులకు దొరికింది. ఒడ్డున వేల మంది ఫోన్లు పైకెత్తి చూస్తున్నారు. మొదట అదీ ప్రదర్శనలో భాగమే అనుకున్నవాళ్ళు ఎందరో. యాభై ఏళ్ళ నాటి ఆ తెల్లటి వెలుగు మళ్ళీ కనపడింది నాకు.

ఇదే పని ఇంకోలా జరిగిన చోటూ ఉంది. 2012 జులై 4న అమెరికాలో శాన్ డియాగో రేవులో, పావుగంటకు పైగా సాగాల్సిన బాణసంచా అంతా కంప్యూటర్ పొరపాటుతో అర నిమిషంలోపే ఒక్కసారిగా పేలిపోయింది. దాదాపు ఏడు వేల బాణాలు. రేవంతా పట్టపగలైంది. ఒక్కరికీ గాయం కాలేదు. మందుగుండు ఉన్న బల్లకట్లు జనానికి దూరంగా నీటి మధ్యలో ఉన్నాయి, నిప్పు పెట్టింది దూరం నుంచి. ఆ దేశంలో పాటించే ప్రమాణం ఒకటుంది. గుండు వ్యాసం ఒక్కో అంగుళానికి 70 అడుగుల ఎడం. అంటే ఆరు అంగుళాల గుండు కాల్చితే చుట్టూ 420 అడుగుల మేర చూసే మనిషీ ఉండకూడదు, చూసే పడవా ఉండకూడదు. ఆ గిరిలోకి పడవలు రాకుండా కోస్ట్‌గార్డ్ కాపలా తిరుగుతుంది. మా బాపుకు అంగుళాల లెక్క తెలియదు గానీ ఆయన మాట్లాడింది ఈ ఎడం గురించే.

వేడుక చూడటానికి, విహారానికి పడవ ఎక్కే జనం సంగతి వేరే. 2017 నవంబర్ 12న కృష్ణలో పవిత్ర సంగమం దగ్గర తిరగబడ్డ పడవలో ఉన్నవాళ్ళు సాయంత్రం హారతి చూడటానికి వెళ్తున్నవాళ్ళే. ఇరవై మందికి పైగా పోయారు. ఇక 2019 సెప్టెంబర్ 15 మా జిల్లా మరిచిపోయే తేదీ కాదు. పాపికొండలకు వెళ్తున్న బోటు కచ్చులూరు దగ్గర గోదావరిలో మునిగింది. కాజీపేట పక్కనున్న కడిపికొండ నుంచి పద్నాలుగు మంది దాంట్లో ఉన్నారు. ఐదుగురే తిరిగొచ్చారు. ఆ బోటును కాకినాడకు చెందిన ధర్మాడి సత్యం బృందం 38వ రోజున, అక్టోబర్ 22న బయటికి లాగింది. లైఫ్ జాకెట్లు బోటులో ఉన్నాయి, ఒంటి మీద లేనివాళ్ళు ఎందరో. మా బాపు కాలంలో మా చెరువుల మీద ఈ జాకెట్ లేదు. ఉంటే పూజారికి కూడా తొడిగించేవాడు, నాకు నమ్మకం.

మంచి ఆనవాళ్ళు లేకపోలేదు. భద్రాచలంలో హంస వాహనాన్ని ముందుగానే గోదావరిలో తిప్పి చూస్తున్నారు, ఎక్కేవాళ్ళ సంఖ్య పరిమితం చేస్తున్నారు. కృష్ణకు వరద ఉన్న ఏళ్ళలో బెజవాడలో విహారం మానుకుని హంస వాహనాన్ని ఒడ్డునే ఉంచి పూజ చేశారు. అట్లా చేసినందుకు అమ్మవారికి తక్కువేమీ కాలేదు. వినాయక నిమజ్జనాలప్పుడు మన కోట చెరువు దగ్గర, చిన్న వడ్డేపల్లి చెరువు దగ్గర గజ ఈతగాళ్ళు నిలబడుతున్నారు. వాళ్ళలో మా కులం పిల్లలు ఉన్నారని నాకు గర్వం. పండుగైన మర్నాడు వాళ్ళ పేరు ఎవరికీ గుర్తుండదని బాధ.

వరంగల్, హనుమకొండ ఉత్సవ కమిటీల పెద్దలకు ఈ ముసలి పంతులు విన్నపం ఒక్కటే. వచ్చే దసరాకు తెప్ప కట్టేవాణ్ణి పిలిచి, ఎంతమంది ఎక్కవచ్చో ఆయన నోటితోనే చెప్పించండి, ఆ అంకె బోర్డు మీద రాసి కట్ట మీద పెట్టండి. ఎక్కిన ప్రతి ఒక్కరికీ జాకెట్ తొడగండి. జువ్వల పెట్టె ఒక్కటి కూడా తెప్ప మీదికి రానివ్వకండి. తోడు పుట్టిలో ఉన్న పిల్లవాడికి తెప్పోత్సవం అయ్యాక ఒక కొబ్బరికాయ, ఒక కొత్త తువ్వాల ఇవ్వండి.