ఒకచోట రాస్తే అన్నిచోట్లా

గ్రంథాలయంలో కేటలాగు చేయడం నా ఉద్యోగం. తెలుగు నవల చేతికి రాగానే పేరు 245 అనే గడిలో, రచయిత పేరు 100 అనే గడిలో నింపుతాను. ఈ అంకెల కథ అమెరికాలో మొదలైంది. 1901లో లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్ తన అచ్చు కార్డులను ఇతర గ్రంథాలయాలకు అమ్మడం మొదలుపెట్టింది. ఒకరు రాసిన వివరం ఊరూరా పనికొచ్చింది. 1960లలో హెన్రియెట్ ఆవ్రమ్ అనే ప్రోగ్రామర్ ఆ వివరాలను కంప్యూటర్ చదివేలా 'మార్క్' అనే పద్ధతి రూపొందించారు. నేను నింపే గడుల అంకెలు దానివే.

వెబ్ వచ్చాక అన్ని పేజీలకూ అంత వివరంగా రాయడం కష్టమైంది. 1995 మార్చిలో ఒహాయో రాష్ట్రంలోని డబ్లిన్‌లో గ్రంథాలయ, కంప్యూటర్ నిపుణులు సమావేశమై ముఖ్యమైన అంశాలే ఎంచారు. శీర్షిక, కర్త, తేదీ, భాష, హక్కులు వగైరా కలిసి తర్వాత 15 అయ్యాయి. అదే డబ్లిన్ కోర్.

మార్క్‌లోనైనా, డబ్లిన్ కోర్‌లోనైనా తెలుగు నవలకు భాష గడి ఖాళీగా వదిలేస్తే, భాషను బట్టి తెలుగు పుస్తకాలు వెతికే పాఠకుడికి ఆ నవల కనబడదు. అందుకే ప్రతి గడీ శ్రద్ధగా నింపాలంటాను.