గౌరవప్రద ప్రసూతి సేవలు

కాన్పు సమయంలో స్త్రీ మర్యాదకు, గోప్యతకు భంగం రాకుండా, ప్రతి పనీ ఆమెకు చెప్పి, ఆమెను అడిగి చేసే వైద్య సహాయాన్ని గౌరవప్రద ప్రసూతి సేవ అంటారు. తల్లీబిడ్డలు క్షేమంగా బయటపడటం ఎంత ముఖ్యమో, నొప్పులు పడుతున్న మనిషిని ఆదరించడమూ అంతే ముఖ్యమన్నది దీని మూలసూత్రం. ఆసుపత్రి కాన్పుల్లో అమర్యాదను, దౌర్జన్యాన్ని అరికట్టాలంటూ ప్రపంచ ఆరోగ్య సంస్థ 2014లో ఒక ప్రకటన చేసింది. 2018లో ప్రసవ సేవలపై 56 సిఫారసులు వెలువరించింది.

స్త్రీలు కోరుకునేవి

19 దేశాలకు చెందిన 35 అధ్యయనాలను క్రోడీకరించిన ఒక సమీక్ష 2018లో వెలువడింది. ఆరోగ్యంగా ఉన్న బిడ్డ, భయం లేని చోటు, పక్కన తోడు, పని తెలిసిన దయగల సిబ్బంది: స్త్రీలు చెప్పిన వాటిలో ఇవే ముందున్నాయి. ఎక్కువ మంది సహజ కాన్పునే కోరుకున్నారు. అయితే కాన్పు ఎప్పుడు ఏ మలుపు తిరుగుతుందో చెప్పలేమనీ వారికి తెలుసు. ఆపరేషన్ తప్పనిసరైతే ఆ నిర్ణయంలో తమకూ భాగం ఉండాలన్నారు.

తోడు

నొప్పులు మొదలైనప్పటి నుంచి బిడ్డ పుట్టేదాకా ఒకరు వెన్నంటి ఉంటే సహజ కాన్పు అయ్యే అవకాశం పెరుగుతుంది, నొప్పులు పడే సమయం కొంత తగ్గుతుంది, సిజేరియన్లూ తగ్గుతాయి. 26 ప్రయోగాలను, 15 వేలకు పైగా స్త్రీల అనుభవాలను పరిశీలించిన కాక్రేన్ సంస్థ సమీక్ష 2017లో ఈ సంగతి చెప్పింది. భారత ప్రభుత్వం 2016లో ప్రభుత్వ ఆసుపత్రుల ప్రసూతి గదుల్లోకి తోడును అనుమతించింది. కాన్పు అనుభవం ఉన్న బంధువురాలికి ప్రాధాన్యం ఇస్తూ, గోప్యతకు ఏర్పాట్లున్న చోట భర్తనూ రానివ్వవచ్చని చెప్పింది. తొలి కాన్పుకు పుట్టింటికి వచ్చిన అమ్మాయిని ప్రసూతి గది తలుపు దగ్గరే తల్లి నుంచి విడదీయడం ఈ ఉత్తర్వు స్ఫూర్తికి విరుద్ధం.

మాట, అనుమతి

పరీక్ష ఎందుకు చేస్తున్నారో, సూది మందు దేనికో తల్లికి తెలిసే భాషలో చెప్పాలి. తెర వేయడం, ఒప్పుకోలు అడగడం ఇందులో భాగమే. అరుపులు, ఎత్తిపొడుపు మాటలు, చెయ్యి చేసుకోవడం, డబ్బు కోసం సతాయించడం దుష్ప్రవర్తన కిందికే వస్తాయి. ఇలాంటి అనుభవం ఎదురైనవారు, దాని గురించి విన్నవారు ఆసుపత్రి గడప తొక్కడానికి వెనకాడతారు. అప్పుడు అమర్యాదే ప్రాణాపాయానికి దారి తీస్తుంది.

శరీరం మీద హక్కు

ప్రమాద సూచనలు లేని తల్లి నొప్పుల మధ్య తినవచ్చు, తాగవచ్చు, నడవవచ్చు, తనకు వీలైన భంగిమలో బిడ్డను కనవచ్చు. అందరికీ అలవాటుగా ఎనిమా ఇవ్వడం, రోమాలు తీయడం, కోత పెట్టి కుట్లు వేయడం, కడుపు మీద నొక్కి బిడ్డను దింపడం ప్రపంచ ఆరోగ్య సంస్థ సిఫారసు చేయని పద్ధతులు. గర్భాశయ ముఖద్వారం గంటకు ఒక సెంటీమీటరు చొప్పున తెరుచుకోలేదన్న ఒక్క కారణంతో కాన్పును తొందరపెట్టకూడదు. పుట్టిన బిడ్డ బాగుంటే వెంటనే తల్లి ఒంటికి ఆనించి ఉంచాలి. బొడ్డుతాడు కత్తిరించడానికి కనీసం ఒక నిమిషం ఆగాలి.

తెలుగు రాష్ట్రాల్లో

2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం తెలంగాణలో 97 శాతం, ఆంధ్రప్రదేశ్‌లో 96.5 శాతం కాన్పులు ఆసుపత్రుల్లోనే జరిగాయి. సిజేరియన్లు తెలంగాణలో 60.7 శాతం, ఆంధ్రప్రదేశ్‌లో 42.4 శాతం, దేశ సగటు 21.5 శాతం. తెలంగాణ ప్రైవేటు ఆసుపత్రుల్లో ఇవి 81.5 శాతం. సిజేరియన్ అవసరమైన చోట ప్రాణం నిలిపే చికిత్స. ఇంత పెద్ద సంఖ్యలో జరుగుతున్నప్పుడు మాత్రం ప్రతి తల్లికీ కారణం వివరించి చెప్పారా అని అడగక తప్పదు.

ప్రసూతి గదుల నాణ్యత పెంచడానికి కేంద్రం 2017 డిసెంబరులో ‘లక్ష్య’ కార్యక్రమం ప్రారంభించింది. తెలంగాణ ప్రభుత్వం ఫెర్నాండెజ్ ఆసుపత్రుల సంస్థ, యునిసెఫ్‌ల సహకారంతో నర్సులకు మిడ్‌వైఫరీలో, అంటే కాన్పులు చేయించే పనిలో, శిక్షణ ఇప్పించింది. 2018లో కేంద్రమూ మిడ్‌వైఫరీ సేవలకు మార్గదర్శకాలు విడుదల చేసి, 18 నెలల శిక్షణను నిర్దేశించింది. ఇబ్బంది లేని కాన్పులను మిడ్‌వైఫ్‌లు చూసుకుంటారు, చిక్కు ఎదురైతే వైద్యులను పిలుస్తారు. ఆసుపత్రికి రప్పించడంలో తెలుగు రాష్ట్రాలు దాదాపు పూర్తి విజయం సాధించాయి. వచ్చిన ప్రతి తల్లికీ తోడు, మర్యాద, నిర్ణయంలో భాగం దక్కేలా చూడటమే ఇక జరగాల్సిన పని.