తుపాకీ ఒకచోట, తూటా ఒకచోట

అమెరికాలో వేటగాళ్లకి చెప్పే జాగ్రత్తల్లో ఏటీవీ గురించి తప్పకుండా ఒకటి ఉంటుంది. ఏటీవీ అంటే కొండా గుట్టా ఎక్కే నాలుగు చక్రాల చిన్న బండి. అది ఎక్కకముందే రైఫిల్లోంచి తూటాలు తీసెయ్యాలి. బోల్టు తెరిచి, ఛాంబర్ ఖాళీగా ఉందని కళ్లతో చూసి, వేలితో తడిమి, అప్పుడు తుపాకీని కేసులో పెట్టి బండికి బిగించాలి. ఒళ్లో పెట్టుకోకూడదు. సేఫ్టీ మీటను నమ్ముకోకూడదు. గతుకుల్లో బండి ఎగిరితే ట్రిగ్గర్‌కి ఏం తగులుతుందో, బోల్తా పడితే గొట్టం ఎవరివైపు తిరుగుతుందో చెప్పలేం. అందుకే తుపాకీ ఒకచోట, తూటా ఒకచోట.

1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం, ఆ తర్వాతి సవరణలతో వేట దాదాపు పూర్తిగా నేరమైన మన దేశంలో ఈ పాఠం ఎవరికి? విశాఖ మన్యం చరిత్ర చదువుతున్నప్పుడు నాకు ఇదే సూత్రం ఇంకో రూపంలో కనిపించింది.

ముందు నాటు తుపాకీ సంగతి. గొట్టం మూతి నుంచి మందు పోసి, పీలిక కూరి, పైన సీసపు గుళ్లు వేసి, కడ్డీతో దట్టించే తుపాకీ అది. ఒకసారి దట్టించాక ఖాళీ చెయ్యడం కష్టం. పేల్చాలి, లేదా మరతో మెల్లగా పైకి లాగాలి. వేటలో జంతువు కనపడకపోతే, మనిషి ఆ దట్టించిన తుపాకీతోనే కొండ దిగాలి. తూటా తుపాకీ అలా కాదు. క్షణంలో నిండుతుంది, క్షణంలో ఖాళీ అవుతుంది. కానీ దానికి తూటా కావాలి. తూటా అడవిలో తయారు కాదు.

1878 ఆయుధాల చట్టం ఈ దేశస్థుల చేతిలో తుపాకీ ఉండాలంటే లైసెన్సు అంది. యూరోపియన్లకి మొదట్లో మినహాయింపు. 1882 మద్రాసు అటవీ చట్టం పోడుకీ, వేటకీ అడ్డుపడింది. తర్వాత రోడ్లు వచ్చాయి. నర్సీపట్నం వైపు నుంచి లంబసింగి మీదుగా చింతపల్లికి దారి వేయించిన గూడెం డిప్యూటీ తహసీల్దారు బాస్టియన్, కొండవాళ్లచేత చాలీచాలని కూలికి గొడ్డుచాకిరీ చేయించాడు. ఇవాళ మనం చలికాలంలో మంచు చూడటానికి కార్లలో వెళ్లే దారి వెనక ఆ కథ ఉంది. తిరుగుబాటు కారణాల్లో అదొకటి.

1922 ఆగస్టు 22న అల్లూరి సీతారామరాజు దళం చింతపల్లి పోలీసు స్టేషన్ మీద పడింది. 11 తుపాకులు, 1390 తూటాలు పట్టుకెళ్లింది. ఏమేం తీసుకున్నారో స్టేషన్ రికార్డులో రాసి రాజు సంతకం పెట్టాడు. 23న కృష్ణదేవిపేట, 24న రాజవొమ్మంగి. మూడు రోజుల్లో 26 తుపాకులు. గమనించాల్సింది ఏమిటంటే, ఆ స్టేషన్లలో తుపాకీ, తూటా ఒకే కప్పు కింద ఉన్నాయి. సెప్టెంబరు 24న దామనపల్లి ఘాట్‌లో ఆ తుపాకుల ముందు స్కాట్ కవర్డ్, హైటర్ అనే ఇద్దరు ఇంగ్లీషు అధికారులు చనిపోయారు.

అక్టోబరు 15న రాజు ముందే కబురు పెట్టి మరీ అడ్డతీగల వెళ్లాడు. స్టేషన్ దొరికింది, ఆయుధాలు దొరకలేదు. ముందే దాచేశారు. 19న రంపచోడవరంలోనూ అంతే. సర్కారుకి పాఠం ఒంటబట్టింది. అక్కడి నుంచి తిరుగుబాటుదారులు కాల్చే ప్రతి తూటా ఉన్న మూటలోంచి తరిగేదే. 1924 మే 7న కొయ్యూరులో రాజుని కాల్చి చంపారు. ఓటమికి కారణాలు చాలా ఉన్నాయి. మలబార్ పోలీసులు, అస్సాం రైఫిల్స్, ఆకలి, ఊళ్ల మీద నిర్బంధం. తూటా కరువుని కూడా ఆ జాబితాలో కాస్త పైనే పెట్టాలని నా అభిప్రాయం.

ఏటీవీ పాఠంలోనూ, అడ్డతీగలలోనూ చేసిన పని ఒకటే, తుపాకీకి తూటాని దూరం చెయ్యడం. మొదటిది తుపాకీ మోసే మనిషిని కాపాడ్డానికి. రెండోది ఆ మనిషి నుంచి ప్రభుత్వాన్ని కాపాడుకోడానికి. రెంటినీ మనం భద్రత అనే అంటాం.

ఈ తేడా పాతబడలేదు. మన్యంలో చైత్రమాసపు ఇటుకల పండగకి మగవాళ్లు అడవికి వేటకి వెళ్లడం ఆనవాయితీ. నాటు తుపాకీ పేలి వేటకెళ్లినవాడు పోయాడన్న వార్త అప్పుడప్పుడూ జిల్లా పేజీలో కనిపిస్తూనే ఉంటుంది. దాని కింద ఆయుధాల చట్టం కేసు, తుపాకులు అప్పజెప్పమనే పిలుపు. 1878 చట్టం పోయి 1959 చట్టం వచ్చింది. ఆ కొండలకి 2022 నుంచి అల్లూరి పేరే పెట్టుకున్నాం. వన్యప్రాణుల కోసం తుపాకులు అప్పజెప్పమనడం న్యాయమే, నేను కాదనను. కానీ దట్టించిన తుపాకీ భుజాన వేసుకుని వాలు దిగేవాడి ప్రాణం గురించి ఆ పిలుపులో ఒక్క మాటైనా ఉండాలి కదా. కనీసం కొండ దిగేముందు క్యాప్ తీసెయ్యమని, గొట్టం ముందు నడిచేవాడి వీపువైపు ఉంచొద్దని.