వృత్తమును భాగించుట – కోణములలో దాగిన తేడా

వ్యాసార్ధమంత కొలతతో వృత్తముపై ఆరు గుర్తులు పెట్టుట విద్యార్థులందరును చేసినదే. శాస్త్రరీత్యా ఆరవ అడుగు బయలుదేరిన గుర్తుపైననే పడవలెను. కాని మా కేసముద్రపు పిల్లలైనను, మరెక్కడి పిల్లలైనను కంపాసు త్రిప్పగా, చివరి గుర్తు కొంచెము ముందో వెనుకనో పడును. పెన్సిలు మొన మొద్దుబారినదని విద్యార్థియు, చేయి కదలినదని ఉపాధ్యాయుడును అందురు. రెండును నిజమే కావచ్చును. అయితే ఒక్కొక్క అడుగులో కంటికానని తేడా, ఆరడుగులలో కూడికొని కంటికి కనబడునంత అయినది. పరికరములు చేయువారికి ఈ కూడికయే చిరకాలము పెద్ద చిక్కుగా నుండెను.

1775 ప్రాంతమున లండనులో జెస్సీ రామ్స్‌డెన్ అను పనివాడు దీనికొక యంత్రమును సిద్ధపరచెను. 45 అంగుళముల వ్యాసము గల చక్రపుటంచున 2160 పండ్లుండును. మరను ఒకసారి త్రిప్పిన చక్రము 10 నిమిషముల కోణము మాత్రమే కదలును. 2160ని 10చే హెచ్చించి చూడుడు: 21,600 నిమిషములు, అనగా 360 డిగ్రీలు.

మన దేశమున 1802లో విలియం లాంబ్టన్ ఆరంభించిన మహా త్రికోణమితి సర్వేకు ఇట్టి భాగించిన చక్రమే ప్రాణము. కేరీ అను లండను పనివాడు చేసిన ఆ థియొడొలైటు బరువు సుమారు అర టన్ను; అడ్డచక్రపు వ్యాసము 36 అంగుళములు. అంత పెద్ద చక్రముపై కూడ ఒక సెకను కోణమునకు లభించు చోటు అంగుళములో పదివేలవ వంతునకు తక్కువ. కాని 30 మైళ్ళ దూరమున అదే సెకను సుమారు 9 అంగుళములగును.

1808లో తంజావూరు బృహదీశ్వరాలయముపైకి దీనిని లాగుచుండగా ఒక త్రాడు తెగి, పెట్టె గోడకు కొట్టుకొని, చక్రము వంకరపోయెను. లాంబ్టన్ క్రొత్తదానికై వేచియుండలేదు. పెద్ద పలకపై సరియైన కొలతతో వృత్తమును కోయించి, మేకులు, మరలు, కప్పీలతో వంగిన అంచును మెల్లమెల్లగా దానికి సరిపోవునట్లు లాగించెను. వంగిన ఆకులను చిన్న కొయ్యసుత్తులతో తట్టించెను. ఆరు వారములలో చక్రము దాదాపు పూర్వరూపమునకు వచ్చెను. ఆ “దాదాపు” అనునది గమనింపదగినది. చక్రము కేంద్రము తప్పి తిరిగినచో ఒకవైపు గుర్తు ఎక్కువ చూపగా, ఎదుటివైపు గుర్తు అంతే తక్కువ చూపును. రెండింటి సగటు సరిపోవును. కాని చక్రము కోడిగ్రుడ్డువలె నొక్కుకొన్నచో ఎదురెదురు వైపుల తేడా ఒకేరీతిగా నుండును. సగటు దానిని పోగొట్టదు.

1818 చివర జార్జి ఎవరెస్టు హైదరాబాదులో లాంబ్టన్ వద్ద సహాయకుడుగా చేరెను. మరుసటి సంవత్సరము ఆయనను కృష్ణా గోదావరుల నడుమనున్న అడవులకు కొలతకై పంపిరి. కేసముద్రమును ఆ రెండు నదుల నడుమనే యున్నది. నేడు కాజీపేట నుండి విజయవాడకు రైలులో పోవువారికి ఆనాటి అడవి ఊహకైనను అందదు. వానకాలమున జ్వరములు ప్రబలెను. ఎవరెస్టును, ఆయనతోనున్న సుమారు 150 మందియు మంచము పట్టిరి. హైదరాబాదు చేరులోపల 15 మంది మరణించిరి. ఆరోగ్యము కోసమై ఆయన 1820లో ఆఫ్రికా దక్షిణాగ్రమునకు పోవలసివచ్చెను.

అంత వెల పెట్టి తెచ్చిన కోణము, చక్రముపై గీతల తప్పువలన చెడుట ఎవరికి సమ్మతము? ఒకే గీతల వద్ద పదిమార్లు చదివినను ఆ గీతల తప్పు తప్పుగానే నిలుచును. కావున ఎవరెస్టు ప్రతిమారు సున్నస్థానమును మార్చి, చక్రములోని వేర్వేరు భాగములపై అదే కోణమును కొలుచు పద్ధతిని అవలంబించెను. ఒకచోటి ఎక్కువకు మరియొకచోటి తక్కువ చాలవరకు విరుగుడగును.

ఇంజనీరింగు పటము గీయువారికిని సున్న ఎక్కడ అనునదే ప్రశ్న. ఒక పళ్ళెమునకు సమదూరమున ఆరు బోల్టు రంధ్రములు కావలెననుకొందము. ప్రతి రంధ్రమును ప్రక్కదాని నుండి 60 డిగ్రీలుగా చూపి, 10 నిమిషముల తేడాను అటునిటు అనుమతించితిమా, అయిదు సందులును 10 నిమిషములు చొప్పున పెరిగినచో చివరి సందు 59 డిగ్రీల 10 నిమిషములే యగును. 100 మిల్లీమీటర్ల వ్యాసార్ధమున ఈ లోటు సుమారు ఒకటిన్నర మిల్లీమీటరు. పనివాడు పటమును తప్పలేదు, అయినను బోల్టు దూరదు! అన్ని కోణములను ఒకే మొదటి గీత నుండి చూపినచో ఏ రంధ్రమును తన స్థానము నుండి 10 నిమిషములకు, అనగా సుమారు 0.3 మిల్లీమీటరుకు, మించి తొలగదు. ప్రక్కప్రక్క రంధ్రముల నడుమ మాత్రము 20 నిమిషముల వరకు తేడా రావచ్చును. దీనిని మా విద్యార్థులు తరచు మరతురు. నేటి పటములలో 60 డిగ్రీలను తేడాలేని ఆదర్శ కోణముగా వ్రాసి, ప్రతి రంధ్రకేంద్రమును దాని సరియైన చోటు చుట్టునున్న చిన్న వృత్తములో నుండనిత్తురు. డిగ్రీలలో అనుమతించిన తేడా కేంద్రము నుండి దూరము పెరిగినకొలది వెడల్పగును. ఈ చిన్న వృత్తము పెరుగదు.

గొలుసువలె కొలతలు వ్రాయవలసివచ్చినను ఆరవ సందునకు వ్రాయరాదు. అది 360 నుండి తక్కిన అయిదును తీసివేయగా మిగులునదే.