చేతి ఊలు అల్లిక: చరిత్ర

రెండు లేదా అంతకన్నా ఎక్కువ సూదులతో, ఉన్ని దారాన్ని ఉచ్చులో ఉచ్చుగా లాగుతూ చేత్తో దుస్తులు తయారుచేసే పని ఊలు అల్లిక. స్వెటర్లు, మేజోళ్లు, చేతి తొడుగులు, మఫ్లర్లు, శాలువలు, పసిపిల్లల టోపీలు దీనితో తయారయ్యే ముఖ్యమైన వస్తువులు. ఐరోపాలో కొన్ని శతాబ్దాల పాటు ఇది వేలాది కుటుంబాలకు కూడుపెట్టిన వృత్తి. యంత్రాలు వచ్చాక ఆ వృత్తి క్రమంగా అంతరించింది. ఇంటివాళ్ల కోసం అల్లడం మాత్రం ఆగలేదు. ఇది వృత్తి పోయాక పుట్టిన కాలక్షేపం కాదు. వృత్తి సాగిన రోజుల్లోనే పెళ్లిళ్లకూ పురుళ్లకూ దూరప్రయాణాలకూ అల్లిక కానుకలు ఉన్నాయి. ఊలు అల్లిక ఈనాటికీ బతికి ఉండటానికి ప్రధాన కారణం ఈ ఇంటి సంప్రదాయమే.

పనితీరు

నేతలో పడుగు, పేక అని రెండు వరసల దారాలు ఉంటాయి; వాటికి మగ్గం కావాలి. అల్లికకు ఒక్క దారం, సూదులు చాలు. సూది మీద ఉన్న ఉచ్చులోంచి దారాన్ని వెనకనుంచి ముందుకు లాగితే నిట్ కుట్టు, ముందునుంచి వెనక్కు లాగితే పర్ల్ కుట్టు. ఈ రెండింటినీ మార్చి మార్చి వేస్తే సాగే అంచుపట్టీ వస్తుంది. కొన్ని కుట్లను పక్కకు తప్పించి వాటి వరస మారిస్తే జడలాంటి డిజైను వస్తుంది. మధ్యలో దారాన్ని సూదికి చుట్టి వదిలితే జాలీ ఏర్పడుతుంది. ఉచ్చులతో ఏర్పడిన బట్ట కాబట్టి ఇది సాగుతుంది. మడమ, మోచేయి, భుజం వంపులకు అమరిపోతుంది.

కొలత విషయంలో చేతి అల్లికకు ప్రత్యేకత ఉంది. అల్లేవారు ముందు ఒక చిన్న ముక్క అల్లి, అంగుళానికి ఎన్ని కుట్లు వస్తున్నాయో లెక్కపెడతారు. అంగుళానికి 5 కుట్లు వస్తూ, స్వెటరు చుట్టుకొలత 24 అంగుళాలు కావాలంటే 120 కుట్లు ఎత్తుకోవాలి. దారం లావు, సూది లావు, అల్లేవారి చేతి బిగువు మారితే ఈ లెక్క కూడా మారుతుంది. అందుకే చేత్తో అల్లిన స్వెటరు మొదటి వరస నుంచీ ఫలానా మనిషి కోసమే తయారవుతుంది.

తొలి ఆనవాళ్లు

ఈజిప్టులోని ఆక్సిరింకస్‌లో దొరికిన ఎర్రని ఉన్ని మేజోళ్లు క్రీస్తుశకం 3-5 శతాబ్దాల నాటివి. చెప్పుల పట్టీ దూరడానికి వీలుగా బొటనవేలి దగ్గర చీలిక ఉన్న ఈ మేజోళ్లు లండన్‌లోని విక్టోరియా అండ్ ఆల్బర్ట్ మ్యూజియంలో ఉన్నాయి. చూడటానికి అల్లికలాగే ఉన్నా, ఇవి ఒకే సూదితో, పొట్టి దారం ముక్కలు కలుపుతూ చేసిన ఇంకా పాత పద్ధతికి చెందినవి. రెండు సూదుల అల్లికకు నికరమైన తొలి సాక్ష్యాలు కూడా ఈజిప్టువే: సుమారు 11-14 శతాబ్దాల మధ్య నీలి, తెలుపు నూలుతో అల్లిన మేజోళ్లు.

స్పెయిన్‌లోని బుర్గోస్ దగ్గర లాస్ వెల్గాస్ మఠంలో, 1275లో మరణించిన రాకుమారుడు ఫెర్నాండో దె లా సెర్దా సమాధిలో పట్టుతో అల్లిన దిండు గలీబు దొరికింది. అంగుళానికి సుమారు 20 కుట్లున్న ఆ పనితనం అప్పటికే చేయి తిరిగిన అల్లికదారులు ఉన్నారని చెబుతుంది. ఎస్టోనియాలోని యౌగాలో దొరికిన ఉన్ని చేతి తొడుగు ముక్క 13వ శతాబ్దం చివరి లేదా 14వ శతాబ్దం మొదటి నాటిది. 1400 ప్రాంతంలో జర్మన్ చిత్రకారుడు మాస్టర్ బెర్ట్రామ్ సంప్రదాయానికి చెందిన బుక్స్‌టెహూడె చర్చి చిత్రంలో, మరియ తన కుమారుడు యేసు కోసం నాలుగు సూదులతో అతుకులేని అంగీ అల్లుతూ కనిపిస్తుంది. బిడ్డ కోసం తల్లి అల్లడం ఆనాటి ఇళ్లలో మామూలు దృశ్యమే అయి ఉండవచ్చు.

వృత్తిగా అల్లిక

16వ శతాబ్దానికి ఐరోపా నగరాల్లో అల్లికదారుల వృత్తి సంఘాలు (శ్రేణులు) ఏర్పడ్డాయి. వాటిలో పెత్తనం మగవారిదే. అల్సాస్ వంటి చోట్ల పనితనం నిరూపించుకోవడానికి పలురంగుల పెద్ద తివాచీని అల్లి చూపించాల్సి వచ్చేది. ఇంగ్లండులో 1571లో చేసిన చట్టం ప్రకారం, ఉన్నతవర్గాల వారు మినహా ఆరేళ్లు దాటిన మగవారంతా ఆదివారాలు, పండుగ రోజుల్లో స్వదేశంలో తయారైన ఉన్ని టోపీ పెట్టుకోవాలి. టోపీ అల్లేవారి ఉపాధిని కాపాడటం దాని ఉద్దేశం. ఆ చట్టాన్ని 1597లో రద్దుచేశారు.

గ్రామాల్లో ఇది ఆడా మగా పిల్లా పెద్దా అందరి పని. ఇంగ్లండు ఉత్తరాన డెంట్ లోయలో పశువులు కాస్తూ, సంతకు నడుస్తూ కూడా అల్లేవారు. ఒక చేయి వీలుగా కదలడానికి, సూది చివరను ఆనించుకునే చెక్క పిడిని నడుము పట్టీలో దోపుకునేవారు. యువకులు ఈ పిడిని స్వయంగా చెక్కి, పేరు పొడి అక్షరాలు, హృదయం బొమ్మ తీర్చి, మనసిచ్చిన అమ్మాయికి కానుకగా ఇచ్చేవారు. బతుకుతెరువు కోసం రోజంతా పట్టుకునే పనిముట్టు అలా ప్రేమ కానుక కూడా అయింది.

స్కాట్లండుకు ఉత్తరాన ఉన్న షెట్లాండ్ దీవుల్లో స్త్రీలు అల్లిన జాలీ శాలువలు ఎంత పలచనంటే, వాటిని పెళ్లి ఉంగరంలోంచి దూర్చి లాగవచ్చు. బ్రిటిష్ సంపన్న కుటుంబాలు పసిబిడ్డల నామకరణానికి వాటిని కొనేవి. అల్లిన స్త్రీలకు మాత్రం డబ్బుకు బదులు తరచు దుకాణం సరుకులే ముట్టేవి. ఈ అన్యాయంపై ప్రభుత్వం విచారణ జరిపి 1872లో నివేదిక ఇచ్చింది. శాలువల అందం గురించి చెప్పేటప్పుడు ఈ సంగతిని మరవకూడదు.

యంత్రం రాక

1589లో ఇంగ్లండులోని కాల్వర్టన్‌కు చెందిన విలియం లీ మేజోళ్లు అల్లే యంత్రం తయారుచేశాడు. చేతి అల్లికదారుల నోటి దగ్గర కూడు పోతుందని ఎలిజబెత్ రాణి దానికి హక్కుపత్రం ఇవ్వలేదని ప్రతీతి. లీ ఫ్రాన్సుకు వెళ్లి, అక్కడే మరణించాడు. యంత్రం మాత్రం ఆగలేదు. 18వ శతాబ్దానికి నాటింగ్‌హామ్ ప్రాంతం యంత్రపు మేజోళ్లకు కేంద్రమైంది. 19వ శతాబ్దంలో కర్మాగారాలు పెరిగే కొద్దీ చేత్తో అల్లి అమ్ముకునేవారి ఆదాయం పడిపోయింది.

అదే కాలంలో మధ్యతరగతి ఇళ్లలో అల్లిక కొత్తగా వేళ్లూనుకుంది. రంగురంగుల మెత్తని మెరీనో ఊలు దుకాణాల్లో దొరకసాగింది. ఎడిన్‌బరోలో ఊలు దుకాణం నడిపిన జేన్ గోగేన్ 1840లో ప్రచురించిన అల్లిక పుస్తకం ఎన్నో ముద్రణలు పొందింది. అప్పటిదాకా తల్లి చేయి చూసి కూతురు నేర్చుకున్న విద్య, అంకెలూ సంకేతాలుగా కాగితం మీదికి చేరింది.

కానుకగా అల్లిక

లాత్వియా, ఎస్టోనియాలలో పెళ్లికూతురి కట్నపు పెట్టెలో చేతి తొడుగులు తప్పనిసరిగా ఉండేవి. ఆడపిల్లలు చిన్ననాటి నుంచే వాటిని అల్లి దాచేవారు. పెళ్లినాడు వరుడికి, అత్తమామలకు, ఆడబిడ్డలకు, పెళ్లిబండి తోలినవారికి వాటిని పంచేవారు. ఊరూరికీ రంగులు, చుక్కలు, నక్షత్రాల డిజైన్లు వేరుగా ఉండేవి. కొత్త కోడలి ఓర్పు, చేతి నేర్పు అత్తవారింట ముందుగా తెలిసేది ఆ తొడుగుల వల్లే. ఈ ఆనవాయితీని గుర్తుచేస్తూ 2006లో రీగాలో జరిగిన నాటో శిఖరాగ్ర సమావేశానికి వచ్చినవారికి సుమారు 4,500 జతల చేతి తొడుగులు బహూకరించారు.

బ్రిటన్ తీరాల్లో జాలర్ల భార్యలు, తల్లులు బిగువైన నీలి స్వెటర్లు అల్లేవారు. ఒంటిభాగాన్ని గుండ్రంగా, అతుకు లేకుండా అల్లి, చంకల్లో చేయి ఆడటానికి చదరపు ముక్క చేర్చేవారు. చేతులను భుజం నుంచి మణికట్టు వైపు దించేవారు. తాళ్లు లాగి లాగి ముంజేతి అంచు చిరిగితే, ఆ మేరకు విప్పి మళ్లీ అల్లడానికి ఈ ఏర్పాటు. సముద్రంలో పోయినవారి శవాలను డిజైను బట్టి గుర్తించడానికి ఐర్లండులోని ఆరన్ దీవుల్లో కుటుంబానికో నమూనా ఉండేదన్న కథ బాగా ప్రచారంలో ఉంది. దానికి చారిత్రక ఆధారం లేదు. ఆ కథకు 1904లో ప్రదర్శితమైన జె.ఎం. సింజ్ నాటకం 'రైడర్స్ టు ది సీ' ఊపిరి పోసింది. అందులో చెల్లెలు తన అన్న మేజోడును గుర్తుపట్టేది తాను ఎత్తుకున్న కుట్లు, జారవిడిచిన కుట్లు లెక్కపెట్టి.

ఇది ఆడవారి పని మాత్రమే కాదు. పెరూలో టిటికాకా సరస్సులోని తకీలె దీవిలో టోపీలు అల్లేది మగవారే. టోపీ డిజైను బట్టి పెళ్లయినదీ కానిదీ తెలుస్తుంది. ఆ దీవి వస్త్రకళను యునెస్కో 2005లో మానవాళి వారసత్వంగా ప్రకటించింది.

యుద్ధకాలం

మొదటి ప్రపంచయుద్ధంలో కందకాల నీటిలో నానే సైనికుల పాదాలకు పొడి మేజోళ్లు అత్యవసరమయ్యాయి. రెడ్‌క్రాస్ పిలుపుతో ఎన్నో దేశాల్లో బడిపిల్లలు కూడా అల్లారు. రెండో ప్రపంచయుద్ధంలో, 1941 జూన్ 1న బ్రిటన్‌లో దుస్తులకు రేషన్ మొదలైంది. పాత స్వెటర్లు విప్పి కొత్తవి అల్లుకోవడం ఇంటింటి పని అయింది. భారత్‌లో 1962 చైనా యుద్ధం వేళ, హిమాలయాల చలిలో ఉన్న జవాన్ల కోసం దేశవ్యాప్తంగా స్త్రీలు స్వెటర్లు, మేజోళ్లు అల్లి పంపారు.

భారతదేశంలో

సూదుల అల్లిక 19వ శతాబ్దంలో మిషనరీ పాఠశాలలు, బ్రిటిష్ కుటుంబాల ద్వారా దేశంలో వ్యాపించింది. 20వ శతాబ్దంలో పంజాబ్, హిమాచల్, ఉత్తరప్రదేశ్, కాశ్మీర్ ఇళ్లలో శీతకాలపు పనిగా స్థిరపడింది. లుధియానా ఊలుకూ, స్వెటర్లకూ కేంద్రమైంది. పెద్దవాడికి పొట్టయిన స్వెటరు వృథా పోయేది కాదు. కుట్టుముడి విప్పి దారం లాగి, కుర్చీ వీపుకు చిలపగా చుట్టి, ఉతికి, వంకరలు పోయేలా బరువు కట్టి ఆరేసేవారు. చాలని చోట మరో రంగు చారలు వేసి చిన్నవాడికి అల్లేవారు. కాష్మిలాన్ పేరుతో ప్రచారమైన ఆక్రిలిక్ దారం తర్వాత చవకగా దొరికి, ఈ పనిని మరిన్ని ఇళ్లకు చేర్చింది.

తెలుగు నేలపై

తెలుగువారి సొంత ఉన్ని సంప్రదాయం గొంగడి. దక్కనీ గొర్రెల ముతక ఉన్నిని వడికి, చింతగింజల గంజి పట్టించి, కురుమలు మగ్గంపై నేస్తారు. అది నేత, అల్లిక కాదు. ఆ ఉన్ని వానకూ చలికీ తట్టుకుంటుంది గాని పసిపిల్లల ఒంటికి గరుకు. నరసాపురం ప్రాంతంలో మిషనరీల ద్వారా పాతుకున్న లేసు పని నూలు దారంతో, ఒకే కొక్కెపు సూదితో చేసేది. వేడి ప్రాంతం కావడంతో కుట్లు అల్లికలు నేర్చిన చేతులు ఇక్కడ ఎక్కువగా నూలు వైపే మొగ్గాయి.

ఊలు అల్లిక ఇక్కడ ముఖ్యంగా పసిబిడ్డలకూ, వృద్ధులకూ చేరింది: బిడ్డ తలకు టోపీ, కాళ్లకు మేజోళ్లు, తాతయ్యకు మఫ్లరు. ఆదిలాబాద్, అరకు, లంబసింగి వంటి చలిప్రాంతాల్లో స్వెటరు అవసరమైన వస్త్రమే. ఇప్పుడది శీతకాలంలో టిబెటన్ వ్యాపారులు తెచ్చే సరుకుగానే ఎక్కువమందికి పరిచయం. చలిదేశాల్లో స్థిరపడిన పిల్లల దగ్గరికి పురిటి సాయానికి వెళ్లే తెలుగు అమ్మమ్మలకు అక్కడ అల్లిక మళ్లీ అక్కరకొస్తోంది.

వర్తమానం

2007లో ప్రారంభమైన రావెల్రీ వెబ్‌సైటు దేశదేశాల అల్లికదారులను, నమూనాలను ఒకచోట చేర్చింది. 2021లో టోక్యో ఒలింపిక్స్ గ్యాలరీలో కూర్చుని అల్లిన బ్రిటిష్ డైవర్ టామ్ డేలీ, తన పతకానికి ఊలు సంచి అల్లి చూపించాడు. ఈ పని మగవారిది కాదన్న అపోహను అలా సవాలు చేశాడు.

పెద్దవారి స్వెటరుకు వారాల తరబడి శ్రమ పడుతుంది. ఆ గంటలకు న్యాయమైన కూలి కడితే, యంత్రపు స్వెటరుతో ధరలో పోటీ పడటం అసాధ్యం. ఇంటివాళ్ల కోసం అల్లేటప్పుడు ఆ లెక్క ఎవరూ వేయరు కాబట్టే ఈ విద్య నిలిచింది. చాలా ఇళ్లలో ఇది కాగితం మీద లేదు. మడమ ఎలా తిప్పాలో, జారిన కుట్టును ఎలా ఎత్తుకోవాలో ఇప్పటికీ ఒకరు మరొకరికి చేత్తో చేసి చూపించే నేర్పుతున్నారు. పెద్దల దగ్గర కూర్చుని నేర్చుకునే పిల్లలున్నంత కాలమే ఈ పనికి భవిష్యత్తు.